129 ఓట్ల గవర్నర్

 

ఈ సాయంత్రం ఎన్నికల గురించి మాట్లాడుకుందాం. ఎవరికి ఓటెయ్యాలి, ఏ పార్టీ మంచిది అన్న మాట కాదు. ఎన్నికలో తేడా బాగా తక్కువగా వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? వందల్లో, పదుల్లో, ఒక్కోసారి ఒకే ఒక్క ఓటుతో గెలుపు తేలినప్పుడు ఆ గెలుపు దేని మీద నిలబడుతుంది? అదీ మన విషయం.

నా మాట ముందే చెప్పేస్తాను. తేడా చిన్నదైనప్పుడు చిన్న పనులే ఫలితాన్ని తేలుస్తాయి. ఒక సంతకం. ఒక కాగితం. ఒక తాళంచెవి. పెద్ద సభలు, ఊరేగింపులు, ఉపన్యాసాలు అప్పటికి అయిపోయి ఉంటాయి. మిగిలేది ఈ చిన్న పనులే. వాటిని చేసిన మనుషుల పేర్లు మనకు తెలియవు. కానీ వాళ్లు సరిగా చేశారా లేదా అన్న దాని మీదే అంతా ఆగుతుంది.

ముందు ఒక దూరదేశపు కథ చెబుతాను. తర్వాత మన దగ్గరికి వద్దాం.

అమెరికాకు పడమటి అంచున వాషింగ్టన్ అని ఒక రాష్ట్రం ఉంది. ఆ దేశ రాజధాని వాషింగ్టన్ నగరం వేరు, ఈ రాష్ట్రం వేరు. సియాటిల్ అనే పెద్ద ఊరు ఈ రాష్ట్రంలోనే ఉంది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ కంపెనీల పెద్దాఫీసులు ఆ ప్రాంతంలోనే. హనుమకొండలో ఏ వీధికి వెళ్లినా, "మావాడు సియాటిల్లో ఉంటాడండీ" అనే తల్లిదండ్రులు కనిపిస్తారు. ఆ సియాటిల్ అన్నమాట.

ఆ రాష్ట్రంలో 2004 నవంబర్ 2న గవర్నర్ ఎన్నిక జరిగింది. గవర్నర్‌కు ఎన్నికేమిటి అని మీకు అనిపించవచ్చు. అమెరికాలో రాష్ట్ర గవర్నర్‌ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. మనకు ముఖ్యమంత్రి ఎలాగో, వాళ్లకు గవర్నర్ అలాగ. రాష్ట్రాన్ని నడిపేది ఆయనే, లేదా ఆమే.

పోటీ ఇద్దరి మధ్య. రిపబ్లికన్ పార్టీ తరఫున డినో రోసీ. డెమోక్రటిక్ పార్టీ తరఫున క్రిస్టీన్ గ్రెగ్వార్ అనే ఆవిడ. అప్పటికి ఆమె ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్. దాదాపు 28 లక్షల ఓట్లు పోలయ్యాయి. లెక్క పూర్తయ్యేసరికి రోసీ ముందున్నారు. ఎంతతో? 261 ఓట్లతో. మళ్లీ చెబుతాను: 28 లక్షల ఓట్లలో 261.

అంత తక్కువ తేడా వస్తే మళ్లీ లెక్కించాలని అక్కడి చట్టం. యంత్రాల మీద మళ్లీ లెక్కించారు. ఈసారీ రోసీయే. కానీ తేడా 42కు దిగింది. అభ్యర్థి గానీ, పార్టీ గానీ అడిగితే మూడోసారి చేతులతో ఒక్కొక్క బ్యాలెట్ తీసి లెక్కించే వీలు కూడా చట్టంలో ఉంది. అయితే ఖర్చు అడిగినవాళ్లే ముందుగా కట్టాలి. ఫలితం తారుమారైతే ఆ డబ్బు తిరిగి ఇస్తారు. డెమోక్రటిక్ పార్టీ డబ్బు కట్టింది. చేతి లెక్క మొదలైంది.

ఇక్కడే నేను చెప్పదలచిన అసలు సంగతి ఉంది.

సియాటిల్ ఉన్న జిల్లా పేరు కింగ్ కౌంటీ. అక్కడ చాలామంది పోస్టులో ఓటేస్తారు. బ్యాలెట్‌ని కవర్లో పెట్టి, కవరు మీద సంతకం చేసి పంపుతారు. ఆ సంతకాన్ని పాత రికార్డులోని సంతకంతో పోల్చి చూస్తారు. కలిస్తే ఓటు లెక్కలోకి వస్తుంది. కలవకపోతే పక్కన పెడతారు.

చేతి లెక్క జరుగుతుండగా కింగ్ కౌంటీ కౌన్సిల్ అధ్యక్షుడు లారీ ఫిలిప్స్ తిరస్కరించిన ఓట్ల జాబితా చూశారు. అందులో తన పేరే ఉంది. ఆ కౌన్సిల్‌కే అధ్యక్షుడు, ఆయన ఓటే చెల్లలేదు! ఏమిటని ఆరా తీస్తే విషయం బయటపడింది. కంప్యూటర్లో ఆయన సంతకం నమూనా లేదు. నమూనా లేకపోతే సిబ్బంది పాత కాగితం కార్డు తీసి పోల్చి చూడాలి. ఆ పని జరగలేదు. కవరు పక్కకు పోయింది. ఆయనది ఒక్కటే కాదు, వెతికితే అలాంటి కవర్లు వందల్లో తేలాయి. మొదట 500 పైచిలుకు, తర్వాత 700 దాటాయి.

ఇంత ఆలస్యంగా దొరికిన ఓట్లను లెక్కించవచ్చా? వ్యవహారం రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఓటరు తప్పు లేకుండా పక్కన పెట్టిన ఓటును లెక్కలో చేర్చుకోవచ్చని డిసెంబర్ 22న కోర్టు చెప్పింది. లెక్కించారు. చివరి అంకె ఏమిటో తెలుసా? 129. ఈసారి ముందున్నది గ్రెగ్వార్.

మొదటి లెక్కలో రోసీ. రెండో లెక్కలో రోసీ. మూడో లెక్కలో గ్రెగ్వార్. తేడా 129 ఓట్లు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఇంకొకరున్నారు. ఆయన పేరు శామ్ రీడ్. ఆ రాష్ట్రంలో ఎన్నికలు చూసుకునే అధికారి ఆయనే, ఆయన కూడా ఎన్నికై వచ్చినవాడే. ఏ పార్టీ? రిపబ్లికన్. అంటే ఓడిపోయిన రోసీ పార్టీయే. సొంత పార్టీ వాళ్లు కోపంగా ఉన్నారు. అయినా డిసెంబర్ 30న గ్రెగ్వార్ గెలిచినట్టు ఆయనే ధ్రువీకరించారు. చట్టం చెప్పిన పని చట్టం చెప్పినట్టు చేశారు. ఆ సంతకం పెట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

రోసీ పక్షం ఊరుకోలేదు, కోర్టుకు వెళ్లింది. వెళ్లడం వాళ్ల హక్కు. ఓటు హక్కు లేని నేరస్తులు కొందరు ఓటేశారనీ, లెక్కల్లో పొరపాట్లున్నాయనీ వాదించారు. వెనాచీ అనే ఊళ్లో విచారణ జరిగింది. 2005 జూన్ 6న జడ్జి జాన్ బ్రిడ్జెస్ తీర్పు చెప్పారు. పొరపాట్లు జరిగిన మాట నిజమే, కానీ వాటివల్లే ఫలితం మారిందని రుజువు కాలేదన్నారు. రోసీకే ఓటేశామని ఒప్పుకున్న నలుగురు నేరస్తుల ఓట్లు తీసేస్తే తేడా 133 అయింది. ఇంకా పైకోర్టు ఉంది. కానీ రోసీ ఆ రోజే చెప్పేశారు, అప్పీలుకు వెళ్లనని. నాలుగేళ్లకు, 2008లో, అదే ఇద్దరు మళ్లీ పోటీ పడ్డారు. ఈసారి గ్రెగ్వార్ దాదాపు 1,94,000 ఓట్ల తేడాతో గెలిచారు. ఒకే జోడీ, ఒకే రాష్ట్రం. ఒకసారి 129, ఒకసారి లక్షా తొంభై నాలుగు వేలు.

ఓడినవాళ్ల మాట వచ్చింది గనక మన ఊరు వరంగల్ సంగతి ఒకటి. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. వరంగల్ లోక్‌సభకు కాంగ్రెస్ తరఫున నిలబడినవారు మన కాళోజీ నారాయణరావు. ఎదురుగా పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ నుంచి పెండ్యాల రాఘవరావు. పెండ్యాల గెలిచారు. కాళోజీ ఓడిపోయారు. ఆ తర్వాత 2002లో కన్నుమూసేదాకా, యాభై ఏళ్లు, కాళోజీ ఈ ఊళ్లోనే ఉన్నారు, ప్రశ్నిస్తూనే ఉన్నారు. ఒక ఎన్నికలో ఓడినందుకు ఆయన గొంతు తగ్గలేదు. గెలిచిన పెండ్యాలను తలుచుకునేవాళ్లూ ఈ జిల్లాలో ఇవాళ్టికీ ఉన్నారు.

సరే, మనకు గవర్నర్ ఎన్నిక ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు చిన్న చరిత్ర ఉంది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, మన రాజ్యాంగ సభ మొదట గవర్నర్‌ని జనమే ఎన్నుకోవాలని తీర్మానించింది. 1947 జులైలో. సర్దార్ పటేల్ అధ్యక్షుడుగా ఉన్న కమిటీ అలా సిఫారసు చేస్తే సభ ఒప్పుకుంది కూడా. తర్వాత రెండేళ్లలో ఆలోచన మారింది. ముఖ్యమంత్రి వెనకా జనం ఓట్లుండి, గవర్నర్ వెనకా జనం ఓట్లుంటే, ఇద్దరూ "జనం నన్నే ఎన్నుకున్నారు" అంటే ఎవరి మాట చెల్లాలి? ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. ఈ భయమే సభను వెనక్కి లాగింది. నియమిస్తే ఆయన ఢిల్లీ మనిషి అయిపోతాడని వాదించిన సభ్యులు కూడా ఉన్నారు. ఆ వాదనలో బలం లేదని నేనైతే అనను. చివరికి 1949 మే 31న రాష్ట్రపతే నియమించాలని సభ నిర్ణయించింది. అదే 155వ అధికరణం. అందుకే మన గవర్నర్ కుర్చీకి ఓట్లతో వచ్చేవాళ్లు లేరు. పోటీ అంతా శాసనసభ సీట్ల దగ్గర, లోక్‌సభ సీట్ల దగ్గర, పల్లెలో సర్పంచ్ కుర్చీ దగ్గర.

అయితే అమెరికాలో ఓట్లతో గవర్నర్ పక్క కుర్చీ దాకా వెళ్లిన మనవాళ్లున్నారు. మేరీలాండ్ రాష్ట్రానికి 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన అరుణా మిల్లర్ తెలుగింటి ఆడపడుచు, పుట్టింటి పేరు కాట్రగడ్డ. వర్జీనియాకు 2025 నవంబర్లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన గజాలా హష్మీ మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. ఆమె కథలోనూ చిన్న తేడా ఉంది. ఆ జూన్‌లో పార్టీలో అభ్యర్థి ఎవరని తేల్చే ఎన్నిక జరిగితే, రెండో స్థానంలో ఉన్న మనిషికీ ఆమెకూ మధ్య తేడా ఒక్క శాతం కూడా లేదు. ఆ కొద్దిపాటి ఓట్లు అటుంటే నవంబర్ బ్యాలెట్ మీద ఆమె పేరే ఉండేది కాదు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం.

ఎన్నికల చరిత్ర తెలిసినవాళ్లు ముందుగా చెప్పే పేరు అనకాపల్లి. 1989 లోక్‌సభ ఎన్నిక. కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ గెలిచింది తొమ్మిది ఓట్లతో. తొమ్మిదంటే తొమ్మిదే. ఒక లోక్‌సభ స్థానంలో లక్షల ఓట్లు పడతాయి. తేడా ఒక ఇంటి మనుషులంత.

2014లో మంగళగిరి. ఆళ్ల రామకృష్ణారెడ్డి పన్నెండు ఓట్లతో గెలిచారు. పదేళ్లు తిరిగేసరికి, 2024లో, అదే మంగళగిరిలో నారా లోకేష్ మెజారిటీ 91 వేలు దాటింది. కాబట్టి ఫలానా చోట పోటీ ఎప్పుడూ గట్టిగా ఉంటుంది, ఫలానా చోట ఉండదు అని ముందే లెక్క కట్టలేం. మీ ఊళ్లో ఈసారి ఎలా ఉంటుందో పోలింగ్ నాటికి ఎవరికీ తెలియదు.

మన తెలంగాణలో 2018లో ఆసిఫాబాద్‌లో 171 ఓట్లు. 2023లో చేవెళ్లలో 268 ఓట్లు. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇది మన చుట్టుపక్కలే, మన రోజుల్లోనే జరుగుతోందని చెప్పడానికే.

అన్నిటికన్నా దగ్గరి కథ నిర్మల్ జిల్లాది. 2025 డిసెంబర్లో సర్పంచ్ ఎన్నికలు జరిగాయి కదా. లోకేశ్వరం మండలంలో బాగాపూర్ అని చిన్న ఊరు. అక్కడ ఒకావిడ సర్పంచ్‌గా నిలబడింది. ఆమె మామగారు ఓటెయ్యడానికి అమెరికా నుంచి వచ్చారు. లెక్కపెట్టి చూస్తే కోడలు ఒక్క ఓటుతో గెలిచింది. ఎదుటావిడకు 188, ఈవిడకు 189. ఇంకో ఓటు చెల్లకుండా పోయింది.

ఆ చెల్లని ఓటు గురించి ఆలోచించండి. అమెరికా నుంచి వచ్చిన ఓటు గురించి పేపర్లన్నీ రాశాయి. కానీ పెట్టెలో ఇంకో కాగితం ఉంది. ఎవరో పోలింగ్ రోజున లైన్లో నిలబడి, వేలికి సిరా పెట్టించుకుని, స్వస్తిక్ ముద్ర తీసుకుని వేసిన కాగితమే అది. ముద్ర గీత మీద పడిందో, రెండు గుర్తుల మీద పడిందో. అది ఎదుటావిడకు పడి ఉంటే ఇద్దరికీ సమానమయ్యేది. సమానమైతే చీటీ తీస్తారు. ఐదేళ్ల పదవి ఒక చీటీ మీద తేలేది.

చీటీ అంటే వేళాకోళం కాదు, చట్టమే అది. అసెంబ్లీకైనా, పార్లమెంటుకైనా, ఇద్దరికీ సమానంగా వస్తే లాటరీ తీసి, చీటీ ఎవరికి వస్తే వాళ్లకు ఇంకో ఓటు పడినట్టు లెక్క కడతారు.

ఇక్కడ ఆగి మళ్లీ ఆ మాటే అంటాను. తేడా చిన్నదైనప్పుడు చిన్న పనులే ఫలితాన్ని తేలుస్తాయి. ఒక సంతకం, ఒక కాగితం, ఒక తాళంచెవి అన్నాను. సంతకం కథ విన్నారు, సియాటిల్‌ది. ఇప్పుడు తాళంచెవి కథ.

2018 అసెంబ్లీ ఎన్నికల్లో జగిత్యాల జిల్లా ధర్మపురిలో టీఆర్‌ఎస్ అభ్యర్థి కొప్పుల ఈశ్వర్ గెలిచారు. కాంగ్రెస్ అభ్యర్థి అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ మీద మెజారిటీ 441. లెక్కింపు మీద అనుమానం ఉందంటూ లక్ష్మణ్‌కుమార్ హైకోర్టుకు వెళ్లారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఎన్నికల కాగితాలు తెచ్చి చూపించమని కోర్టు అంటే, ఆ కాగితాలున్న స్ట్రాంగ్‌రూమ్ దగ్గరికి 2023లో అధికారులు వెళ్లారు. తాళం ఉంది. తాళంచెవి లేదు.

ఎక్కడుందో తెలియదు. ఏళ్లలో కలెక్టర్లు మారారు, అధికారులు మారారు. చెవి ఎవరి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో తేలలేదు. చివరికి హైకోర్టు ఉత్తర్వుతో, అభ్యర్థుల తరఫువాళ్లను పిలిచి, 2023 ఏప్రిల్లో తాళం పగలగొట్టి తెరిచారు. ఆ ఎన్నికలో న్యాయం ఎటుందన్నది నేను చెప్పను. అది కోర్టు చూసే సంగతి. కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. తేడా నలభై వేలుంటే ఆ చెవి గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు. 441 కాబట్టి అడిగారు. అడిగిన రోజున చెవి చేతిలో లేకపోతే ఓడినవాళ్ల మనసులో అనుమానం పోదు, గెలిచినవాళ్ల మీద మచ్చా పోదు. ఇద్దరికీ అన్యాయమే.

ఇక కాగితం. కాగితమంటే నా మనసులో ఉన్నది ఫారం 17సీ.

పోలింగ్ అయిపోయిన సాయంత్రం మీ వీధిలో సర్కారు బడి దగ్గరికి ఎప్పుడైనా వెళ్లారా? వరండాలో బెంచీ వేసుకుని ప్రిసైడింగ్ ఆఫీసర్ కూర్చుని ఉంటారు. చాలాసార్లు టీచరే. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి. యంత్రం మీద క్లోజ్ బటన్ నొక్కి, ఈ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ఆ కాగితంలో రాస్తారు. యంత్రం నంబరు, సీలు నంబరు రాస్తారు. కింద సంతకం పెడతారు. పార్టీ ఏజెంట్లు కూడా సంతకం పెడతారు. ఒక్కో ఏజెంటుకు ఒక్కో కాపీ ఇస్తారు. ఆ కాగితమే లెక్కింపు నాడు సాక్ష్యం.

లెక్కింపు రోజున మన ఏనుమాముల మార్కెట్ యార్డుకు రండి. మామూలు రోజుల్లో మిర్చి బస్తాలతో నిండి, అడుగు పెట్టగానే తుమ్ములొచ్చే చోటు. కౌంటింగ్ నాడు అక్కడ పోలీసు పహరా, బారికేడ్లు. లోపల హాల్లో పద్నాలుగు టేబుళ్లు. టేబులుకూ ఏజెంట్లకూ మధ్య ఇనుప జాలీ. ఎనిమిదింటికి మొదట పోస్టల్ బ్యాలెట్లు. తర్వాత ఒక్కో టేబుల్ మీదికి ఒక్కో యంత్రం. సీలు చూపిస్తారు. జాలీ అవతల కూర్చున్న ఏజెంట్ సీలు నంబరు తన చేతిలోని 17సీ కాపీతో పోల్చుకుంటాడు. అప్పుడు రిజల్ట్ బటన్ నొక్కుతారు. తెర మీద అంకెలు వస్తాయి. మొత్తం ఓట్లు 17సీలో ఉన్నదానితో కలవాలి. కలిస్తే ముందుకు. కలవకపోతే ఆ యంత్రం పక్కకు, రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గరికి.

ఆ కాపీ తెచ్చుకోని ఏజెంట్ జాలీ అవతల ఊరికే కూర్చున్నట్టే. ఏ పార్టీ వాళ్లయినా సరే, ఏజెంట్‌గా కూర్చునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీ నాయకుడి ఫొటో మర్చిపోయినా పర్లేదు, 17సీ కాపీ మర్చిపోకండి.

పోస్టల్ బ్యాలెట్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే తేడా వందల్లో ఉన్నప్పుడు అవే తేలుస్తాయి. ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగులు, సైనికులు ఇలా ఓటేస్తారు. బ్యాలెట్‌తో పాటు ఒక డిక్లరేషన్ ఉంటుంది. దాని మీద సంతకం లేకపోతే, ఉద్యోగులకైతే అధికారి ధ్రువీకరణ లేకపోతే, ఓటు లెక్కలోకి రాదు. ఎన్నిక నడిపే మనిషి ఓటే ఎన్నికలో లేకుండా పోతుంది. గెలుపు తేడా కన్నా తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువుంటే, ఫలితం ప్రకటించేముందు వాటిని మళ్లీ తీసి పరిశీలించాలని ఎన్నికల సంఘం నియమం పెట్టింది. లారీ ఫిలిప్స్ కవరు గుర్తుందా? ఆ నియమం అలాంటి కవరు కోసమే.

ఇప్పుడు చెప్పేది ముఖ్యంగా డిగ్రీ చదివినవాళ్ల కోసం. దయచేసి ఈ రెండు నిమిషాలు వినండి.

వరంగల్, ఖమ్మం, నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం మనది. అక్కడ యంత్రం లేదు, కాగితం బ్యాలెట్. పేరుకు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. మొదటి ఇష్టం ఎవరు, రెండో ఇష్టం ఎవరు అని. 2021లో 71 మంది పోటీ చేశారు. బ్యాలెట్ కాగితం పేపరు పరిచినంత ఉంది. నల్లగొండలో మార్చి 17న లెక్కింపు మొదలైతే 20వ తేదీకి గానీ ఫలితం తేలలేదు. మొదటి ఇష్టం ఓట్లలో సగం దాటినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి కింది నుంచి ఒక్కొక్కరిని తీసేస్తూ, వాళ్లకు పడిన కాగితాల్లో రెండో ఇష్టం ఎవరికుందో చూసి, ఆ కాగితాన్ని వాళ్ల కట్టలోకి మార్చుకుంటూ పోయారు. ముందున్నవాళ్లు పల్లా రాజేశ్వర్‌రెడ్డి, తీన్మార్ మల్లన్న, కోదండరాం. రాత్రీ పగలూ జనం టీవీల ముందే కూర్చున్నారు. చివరికి పల్లా గెలిచారు. ఆయన జనగామ ఎమ్మెల్యే కావడంతో 2024 మేలో ఉప ఎన్నిక వచ్చింది. అప్పుడూ రెండు మూడు రోజుల లెక్కింపే. తీన్మార్ మల్లన్న గెలిచారు, రాకేశ్‌రెడ్డి రెండో స్థానంలో నిలిచారు.

నా బాధ ఎవరు గెలిచారని కాదు. ఆ ఉప ఎన్నికలో మొదటి ఇష్టం ఓట్లలో వాళ్లిద్దరి మధ్య తేడా 18 వేల పైచిలుకు. చెల్లని ఓట్లు ఎన్నో తెలుసా? 25 వేల పైచిలుకు. మళ్లీ చెబుతాను. తేడా 18 వేలు. చెల్లనివి 25 వేలు. ఇవన్నీ డిగ్రీ చదివినవాళ్ల ఓట్లు. టీచర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఉద్యోగం కోసం హైదరాబాద్ అశోక్‌నగర్లో గదుల్లో చదువుకుంటున్న మన పిల్లలు. సెలవు పెట్టుకుని, బస్సెక్కి సొంతూరికి వచ్చి వేసిన ఓట్లు.

ఎందుకు చెల్లవు? అంకె వేయాల్సిన చోట టిక్కు పెడితే చెల్లదు. బ్యాలెట్ మీద పేరు రాస్తే, సంతకం పెడితే చెల్లదు. ఇద్దరికి 1 వేస్తే చెల్లదు. 1 అన్నది ఎవరికీ వేయకుండా 2 నుంచి మొదలుపెడితే చెల్లదు. బూత్‌లో ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. మీ జేబులోని పెన్నుతో రాస్తే చెల్లదు. చూశారా, అంతా చిన్న పనే. ఎవరో ఒకరికి 1 అని వేయాలి. ఒక్కరికే వేయాలి. వాళ్లిచ్చిన పెన్నుతోనే వేయాలి. మిగతా అంకెలు వేస్తే వేయవచ్చు, లేకపోతే లేదు. ఆ ఒకటి మాత్రం తప్పనిసరి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఆ స్థానం గడువు 2027 మార్చితో ముగుస్తుంది. మళ్లీ ఎన్నిక వస్తుంది. పట్టభద్రుల ఓటర్ల జాబితాకు ఒక ప్రత్యేకత ఉంది. ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి ఓటేశాను కదా, నా పేరుంటుంది అనుకుంటే కుదరదు. పాత జాబితా పాతదే. మళ్లీ ఫారం 18 నింపి ఇవ్వాలి. నవంబర్ ఒకటో తేదీ లెక్క. ఆ తేదీకి మీరు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లయి ఉండాలి, ఈ మూడు పాత జిల్లాల పరిధిలో నివాసం ఉండాలి. డిగ్రీ సర్టిఫికెట్ నకలు జతచేయాలి.

హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మీ అమ్మాయికి, ఖమ్మంలో ఉన్న మీ బావమరిదికి ఈ రాత్రి ఫోన్లో ఒక మాట చెప్పండి. ఫారం 18. ప్రకటన రాగానే మీ తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఇచ్చాక రసీదు తీసుకోండి. జాబితా ముసాయిదా గోడకు అంటించినప్పుడు వెళ్లి మీ పేరు, మీ తండ్రి పేరు, ఇంటి నంబరు సరిగా పడ్డాయో లేదో వేలు పెట్టి చదువుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పండి. పోలింగ్ రోజున చెబితే అక్కడున్న ఆఫీసర్ ఏమీ చేయలేరు.